టెన్త్ పూర్తయ్యేలోపే చేతిపనికి దారి వేసుకోవడం ఎలా?

"మావాడు తొమ్మిదో తరగతి సార్. పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తుంది, పాత మోటారు దొరికితే మాత్రం అన్నం కూడా గుర్తుండదు. ఇప్పుడే ఎక్కడైనా పనిలో పెట్టేద్దామా?" ఏటా వేసవి సెలవుల ముందు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. "ఇంటర్ వద్దు, పని నేర్చుకుంటా" అనే అమ్మాయిల తల్లిదండ్రులూ ఇదే అడుగుతున్నారు.

పని నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. చదువు మాన్పించి పనిలో పెట్టడం మాత్రం వద్దు. షెడ్డులో నాలుగేళ్లు ఉండి పని బాగా వచ్చినవాడు కూడా, రైల్వేవాళ్లో ఆర్టీసీవాళ్లో అప్రెంటిస్ (నెలనెలా స్టైపెండ్ అనే భత్యం ఇస్తూ పని నేర్పే శిక్షణ) నోటిఫికేషన్ ఇస్తే దరఖాస్తు కూడా పెట్టలేకపోతున్నాడు. పని వచ్చు, కాగితం లేదు. ఆ పరిస్థితి రాకుండా తొమ్మిది, పది తరగతుల్లోనే ఏమేం చేసుకోవాలో వరుసగా రాస్తున్నాను. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థుల కోసం.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఆధార్ (15 ఏళ్లు నిండాక చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ పూర్తయి ఉండాలి)
- విద్యార్థి సొంత పేరు మీద బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ లింకు
- ఇంట్లో ఎప్పుడూ వాడుకలో ఉండే ఫోన్ నంబర్, ఒక ఈమెయిల్
- కుల, ఆదాయ ధ్రువపత్రాలు
- స్టడీ సర్టిఫికెట్లు, టెన్త్ అయ్యాక మెమో, టీసీ
- పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు

1. ముందు వయసు లెక్క చూసుకోండి

1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్‌గా చేరడానికి కనీసం 14 ఏళ్లు నిండాలి. ప్రమాదకర పరిశ్రమల్లోని ట్రేడ్‌లకైతే (ట్రేడ్ అంటే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి ఒక్కో వృత్తి) 18. ఐటీఐలో చేరడానికీ కనీస వయసు 14 ఏళ్లే.

14 నిండని పిల్లల్ని బయట ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి అయ్యాకో సెలవుల్లోనో సొంత కుటుంబం నడుపుకునే, ప్రమాదం లేని పనిలో సాయం చేయడానికి మాత్రం చట్టం ఒప్పుకుంటుంది. 14 నుంచి 18 ఏళ్ల మధ్య వారిని గనుల్లో, మండే పదార్థాలు, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమని చట్టం చెప్పిన ఇతర పనుల్లో పెట్టకూడదు. "మా షాపులో వదిలేయండి, మేం చూసుకుంటాం" అని తెలిసినవాళ్లు ప్రేమగా అన్నా సరే, ఈ గీత దాటొద్దు. జరగరానిది జరిగితే నష్టపోయేది మీ బిడ్డ.

2. పని రుచి చూడండి, తర్వాతే ట్రేడ్ పేరెత్తండి

చాలామంది ఎలక్ట్రీషియన్ అంటారు, ఎందుకని అడిగితే "అందరూ అదే తీసుకుంటున్నారు" అంటారు. రెండేళ్ల కోర్సును అలా ఎంచుకోకండి. సెలవుల్లో ఒక్కో పనిని దగ్గర్నుంచి చూడండి. ప్రమాదం లేని చోట, పెద్దవాళ్లు పక్కన ఉండగా కొంచెం చేసి చూడండి.

ఫిట్టర్ పని (యంత్ర భాగాల్ని కొలతకు తయారుచేసి అమర్చడం) మీద మనసుంటే ఇలా చేయండి. వేలెడంత ఇనుప ముక్కను బెంచ్ వైస్‌లో బిగించి, ఆకురాయితో ఒక వైపు చదును చేయాలి. ఐటీఐలో ఫిట్టర్‌కు మొదట నేర్పే పనుల్లో ఇదొకటి. అరగంట రాశాక ట్రై స్క్వేర్‌ను (మూలమట్టాన్ని) దాని మీద ఆనించి వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూడండి. అంచు కింద ఎక్కడైనా సన్నని వెలుగు గీత కనిపిస్తే అక్కడ పల్లం ఉన్నట్టు. మళ్లీ రాయాలి, మళ్లీ చూడాలి. చదును అయిందనుకున్న ప్రతిసారీ ఆ గీత ఇంకో చోట కనిపిస్తుంది. భుజం నొప్పి పుడుతుంది, అరచేయి మండుతుంది. అయినా "ఇంకొక్కసారి చూస్తా" అనిపిస్తే ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ ట్రేడ్‌లు మీకు సరిపోతాయి. పది నిమిషాలకే విసుగొస్తే అదీ మంచి సమాచారమే, వేరే ట్రేడ్ చూసుకోండి.

ఎలక్ట్రీషియన్ అయితే, కనెక్షన్ పూర్తిగా తీసేసిన పాత సీలింగ్ ఫ్యాన్ విప్పి, ఏ వైరు ఎటు పోతోందో కాగితం మీద గీసి, మళ్లీ బిగించండి. విప్పడం అందరికీ సరదాగానే ఉంటుంది. గీసుకున్న బొమ్మ ప్రకారం బిగించగలిగారా అన్నదే పరీక్ష. కరెంటు ఉన్న లైన్ మీద మాత్రం చేయి వేయొద్దు, ఎంత తెలిసినట్టు అనిపించినా సరే. ఎరుపు, ఆకుపచ్చ రంగులు పోల్చుకోవడంలో ఇబ్బంది ఉందేమో కూడా ఒకసారి కంటి డాక్టరుకు చూపించుకోండి. వైర్లను రంగులతోనే గుర్తుపట్టాలి, రైల్వేలో వైద్య పరీక్షల్లోనూ ఇది చూస్తారు. కోర్సు అయిపోయాక ఈ సంగతి తెలిస్తే చాలా బాధగా ఉంటుంది.

వెల్డింగ్ చూడటానికి వెళ్తే షీల్డ్ అద్దం లేకుండా ఆర్క్ వైపు చూడొద్దు, దూరం నుంచైనా సరే. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది.

డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ అనుకుంటున్నారా? టేపు తీసుకుని మీ ఇంటిని కొలిచి, స్కేలు ప్రకారం ప్లాన్ గీయండి. నాలుగు గోడల కొలతలు కాగితం మీద ఒకదానితో ఒకటి కలవకపోతే ఎక్కడ తప్పిందో వెతకండి. ఆ వెతకడం నచ్చితే ఈ పని నచ్చినట్టే.

మీ బడిలో తొమ్మిది, పది తరగతులకు సమగ్ర శిక్ష కింద వృత్తి విద్య సబ్జెక్ట్ ఉందేమో హెడ్‌మాస్టర్‌ని అడగండి. అన్ని బడుల్లోనూ ఉండదు. ఉంటే తప్పకుండా తీసుకోండి, చదువు వదలకుండా పని ముట్టుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం లేదు.

3. పేరు, పుట్టిన తేదీ: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

ఈ అడుగును తొందరపడి దాటేయకండి. సీటు వచ్చాక కూడా ఆగిపోయేవాళ్లు, స్టైపెండ్ పడక తిరిగేవాళ్లు ఎక్కువమంది ఈ కారణంతోనే ఆగుతారు.

మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది. బడి రిజిస్టర్‌లో అది ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. బ్యాంకులో పేరు ముందు పెట్టి ఇంటిపేరు చివర పెడతారు. మనకు ముగ్గురూ ఒకడే. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు వేరు వేరు మనుషులు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం అటూ ఇటూ అయినా అంతే.

దీన్ని సరిచేయడానికి మంచి సమయం టెన్త్ పబ్లిక్ పరీక్షలకు బడి నుంచి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి వివరాల జాబితా) పంపే ముందు. అప్పుడు బడి రిజిస్టర్‌తో పోల్చి హెడ్‌మాస్టర్ స్థాయిలోనే చాలావరకు సర్దుబాటు అవుతుంది. మెమో అచ్చయ్యాక మార్చాలంటే ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా ఫైలు నడవాలి.

చేయాల్సింది ఇది:

- ఆధార్, బడి రిజిస్టర్ నకలు, బ్యాంకు పాస్‌బుక్, కుల ధ్రువపత్రం నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టండి.
- పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి.
- తేడా ఉంటే టెన్త్ మెమోలో ఎలా రాబోతోందో దానికి అనుగుణంగా మిగతావి మార్పించండి. ముందు ముందు అన్నిచోట్లా టెన్త్ మెమోనే ఆధారం.
- నామినల్ రోల్ ప్రింటు మీద సంతకం పెట్టమన్నప్పుడు చదివి పెట్టండి.

15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప, ఫోటో ఆధార్ కేంద్రంలో కొత్తగా ఇవ్వాలి. చిన్నప్పటి వేలిముద్రలతో ఈ-కేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం) తిరస్కరిస్తే, సర్వర్ సమస్య అనుకుని రోజులు పోగొట్టుకుంటారు.

బ్యాంకు ఖాతా నాన్న పేరు మీద ఉంటే పనికిరాదు. ఖాతాకు ఆధార్ నంబర్ ఇవ్వడం ఒకటి, ప్రభుత్వం పంపే డబ్బు ఆ ఖాతాలోకి వచ్చేలా మ్యాపింగ్ చేయించడం ఇంకొకటి. బ్యాంకులో "డీబీటీకి సీడింగ్ చేశారా?" అని ఈ మాటలతోనే అడగండి.

4. టెన్త్ మార్కుల్ని తేలిగ్గా తీసుకోవద్దు

"ఎలాగూ ఐటీఐకే కదా, పాసైతే చాలు" అనే మాట వినకండి. ప్రభుత్వ ఐటీఐల్లో మంచి ట్రేడ్‌లు టెన్త్ మెరిట్ మీదే పోతాయి. రైల్వే అప్రెంటిస్ ఎంపికకు రాత పరీక్ష ఉండదు. టెన్త్ శాతం, ఐటీఐ శాతం కలిపి సగటు తీసి మెరిట్ జాబితా వేస్తారు, టెన్త్‌లో కనీసం 50 శాతం అడుగుతారు. అంటే పదహారో ఏట తెచ్చుకున్న మార్కు ఇరవయ్యో ఏట కూడా మీతో నడుస్తుంది. లెక్కలు, సైన్సు మీద ఎక్కువ సమయం పెట్టండి. ఐటీఐలో వర్క్‌షాప్ లెక్కలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్ వాటి మీదే నిలబడతాయి.

టెన్త్ తప్పితే? ముందు సప్లిమెంటరీ రాయండి. అదీ కుదరకపోతే వైర్‌మన్, కార్పెంటర్ వంటి కొన్ని ట్రేడ్‌లకు ఎనిమిదో తరగతి పాసైతే చాలు. ఎనిమిది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారు ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా టెన్త్ సమాన గుర్తింపు తెచ్చుకునే వీలుంది.

5. మూడు దారుల్లో ఒకటి ఎంచుకోండి

మొదటిది: టెన్త్, తర్వాత ఐటీఐ, ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఏసీ-ఫ్రిజ్ టెక్నీషియన్ రెండేళ్లు. వెల్డర్, ప్లంబర్, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. రైల్వే, రక్షణ సంస్థలు, ఆర్టీసీ, ప్రభుత్వ రంగ కర్మాగారాలు ట్రేడ్ అప్రెంటిస్‌లుగా తీసుకునేది ప్రధానంగా ఐటీఐ పాసైన వారినే.

రెండోది: టెన్త్ తర్వాత నేరుగా అప్రెంటిస్‌షిప్. ఇంట్లో వెంటనే కొంత ఆదాయం కావాల్సినవారు దీన్ని చూడొచ్చు. కంపెనీలో ముందు బేసిక్ ట్రైనింగ్ ఇచ్చి తర్వాత పనిలో నేర్పాలి. మీకు దగ్గర్లో ఆ ఏర్పాటు ఉన్న కంపెనీ దొరకడమే కష్టం.

మూడోది: ఇంటర్ వొకేషనల్. చదువుతోపాటు ఆన్ ది జాబ్ ట్రైనింగ్ ఉంటుంది, పూర్తయ్యాక ఏడాది పాటు టెక్నీషియన్ వొకేషనల్ అప్రెంటిస్‌గా చేరొచ్చు. డిగ్రీ దారి కూడా తెరిచి ఉంచుకోవాలనుకునేవారికి ఇది బాగుంటుంది.

ఐటీఐ తీసుకుంటే చదువు ఆగిపోతుందని భయపడొద్దు. రెండేళ్ల ఐటీఐ తర్వాత లేటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరే అవకాశం ఉంది.

6. ఐటీఐ దరఖాస్తు

టెన్త్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే నోటిఫికేషన్ పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో iti.ap.gov.in, తెలంగాణలో iti.telangana.gov.in చూస్తూ ఉండండి. విడతలవారీగా అడ్మిషన్లు జరుగుతాయి. మొదటి విడతలో కోరుకున్నది రాకపోతే టెన్షన్ పడి దొరికిన ప్రైవేటు ఐటీఐలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయకండి, తర్వాతి విడత ఉందేమో చూడండి. ఒరిజినల్స్ ఒకచోట ఇరుక్కుంటే రెండో విడతలో మంచి సీటు వచ్చినా చేరలేరు.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మీ దగ్గరి ఐటీఐ ఆ జాబితాలో ఉంటే అక్కడి కొత్త కోర్సుల్ని కూడా అడిగి తెలుసుకోండి.

ప్రైవేటు ఐటీఐ అయితే చేరే ముందు రెండు చూడాలి. ఒకటి, ఆ సంస్థకే కాదు, మీరు చేరుతున్న ట్రేడ్‌కు కూడా ఎన్‌సీవీటీ అఫిలియేషన్ (వృత్తి శిక్షణకు కేంద్రం ఇచ్చే జాతీయ గుర్తింపు) ఉందా? సంస్థకు ఉండి ట్రేడ్‌కు లేకపోతే మీకు నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ రాదు. రెండు, వర్క్‌షాప్‌లోకి వెళ్లి చూడండి. లేత్ మిషన్ మీద దుమ్ము పేరుకుని ఉందా, కింద ఇనుప తురుము ఉందా? తురుము ఉంటే అక్కడ పని జరుగుతోంది. "హాజరు మేం చూసుకుంటాం, పరీక్షకు వస్తే చాలు" అన్నచోట అసలు చేరొద్దు. పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. దాన్ని దొంగ లెక్కల్లో చూపించేవాళ్లు మీకు పని నేర్పరు.

7. అప్రెంటిస్‌గా చేరడం

apprenticeshipindia.gov.in లో అభ్యర్థిగా రిజిస్టర్ అవ్వాలి. ఫోన్ నంబర్ మీదే ఓటీపీలు వస్తాయి కాబట్టి నెట్ సెంటర్ వాళ్ల నంబర్ ఇవ్వొద్దు. జిల్లాను, ట్రేడ్‌ను పెట్టి వెతికి దరఖాస్తు చేసుకోండి. 30 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలన్నీ 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన ఉంది. కాబట్టి పోర్టల్‌లో కనిపించకపోయినా దగ్గరి ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ విభాగానికి నేరుగా వెళ్లి అడగడంలో తప్పు లేదు. ప్రభుత్వ ఐటీఐల్లో జరిగే అప్రెంటిస్‌షిప్ మేళాలకూ వెళ్లండి.

రైల్వే, ఆర్టీసీ, విశాఖ నేవల్ డాక్‌యార్డ్ లాంటివి వేరుగా నోటిఫికేషన్లు ఇస్తాయి. డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఐటీఐలో 65 శాతం అడుగుతుంది, రాత పరీక్ష కూడా ఉంటుంది. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవారికి లెవెల్-1 (రైల్వేలో మొదటి మెట్టు ఉద్యోగాల) నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు.

ఎంపికయ్యాక కాంట్రాక్టు వస్తుంది. 18 నిండకపోతే తల్లి లేదా తండ్రి, లేకుంటే సంరక్షకులు సంతకం చేయాలి. సంతకానికి ముందు ఇవి చూడండి:

- ట్రేడ్ పేరు మీరు కోరుకున్నదేనా?
- మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉన్నాయా?
- స్టైపెండ్ ఎంత? 2019 సవరణ ప్రకారం నెలకు కనీసం టెన్త్ పాసైనవారికి 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి 7,000 రూపాయలు. రెండో ఏడాది ఇది పెరగాలి. 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది, కాబట్టి చేరే నాటికి ఏ రేటు నడుస్తోందో పోర్టల్‌లో చూసుకోండి.
- కాంట్రాక్టు పోర్టల్‌లో నమోదై, దానికి నంబర్ వచ్చిందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం.

"ముందు పనిలోకి రా, కాంట్రాక్టు తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు. నమోదు కాని నెలలు శిక్షణలో లెక్కకు రావు. ఆ నెలల్లో చేతికి గాయమైతే అప్రెంటిస్ అని నిరూపించడం కూడా కష్టం. నమోదైన అప్రెంటిస్‌కు శిక్షణలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

డబ్బు అడిగే ఏజెంట్లను దగ్గరికి రానివ్వొద్దు. నోటిఫికేషన్‌లో చెప్పిన రుసుము తప్ప (రైల్వేలో అది వంద రూపాయలు, అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీలకు అదీ ఉండదు) అప్రెంటిస్‌గా చేరడానికి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు.

8. చేరిన తర్వాత

రోజూ ఒక నోట్‌బుక్‌లో ఆ రోజు చేసిన పని, వాడిన పనిముట్టు, నేర్పిన వారి పేరు రాయండి. నెలకోసారి ట్రైనింగ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం తీసుకోండి. వరుసగా వారాల తరబడి టీలు తేవడం, సామాన్లు మోయడం, ఊడ్వడమే రాయాల్సి వస్తోందంటే మీకు శిక్షణ అందడం లేదు. ఆ పుస్తకం పట్టుకుని ముందు సూపర్‌వైజర్‌తో మర్యాదగా మాట్లాడండి, మార్పు లేకపోతే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కు (అప్రెంటిస్ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారికి) రాతపూర్వకంగా తెలియజేయండి. అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు.

కోపంతో మధ్యలో మానేయొద్దు. కాంట్రాక్టు తెంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది, అది పాటించకుండా వెళ్లిపోతే సర్టిఫికెట్ పోతుంది. పూర్తయ్యాక అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం కూడా లేదు. కాబట్టి చివరి మూడు నెలల్లోనే వేరే నోటిఫికేషన్లు చూడటం మొదలుపెట్టండి.

సరిగ్గా వెళ్తున్నారా లేదా చూసుకోవడం

తొమ్మిదో తరగతి చివరికి: రెండు మూడు పనులు దగ్గర్నుంచి చూశారు, ఒకటి వద్దనుకున్నారు, ఎందుకు వద్దో చెప్పగలరు.

టెన్త్ పరీక్షల నాటికి: నాలుగు కాగితాల్లో పేరు, పుట్టిన తేదీ ఒక్కటే. ఖాతాకు డీబీటీ సీడింగ్ అయింది.

ఐటీఐలో చేరిన రెండు నెలలకు: ఎన్‌సీవీటీ రికార్డుల్లో మీ పేరు, ట్రేడ్ కనిపిస్తున్నాయి. పేరులో తప్పుంటే ప్రిన్సిపాల్‌కు అప్పుడే రాసివ్వండి, సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగొద్దు.

అప్రెంటిస్‌షిప్ మొదటి నెలాఖరుకు: కాంట్రాక్టు నంబర్ మీ దగ్గర ఉంది, స్టైపెండ్ మీ ఖాతాలోనే పడింది. న్యాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక) పథకం కింద నమోదైన సంస్థల్లో స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం నేరుగా మీ ఖాతాకు వేస్తుంది. కంపెనీ వాటా వచ్చి ఇది రాకపోతే ముందు బ్యాంకులో సీడింగ్ సంగతి అడగండి, తర్వాతే కంపెనీని అడగండి.

చివరిలో: ఐటీఐది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, అప్రెంటిస్‌షిప్‌ది నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. రెండూ వేరు, రెండూ కావాలి. రెండింటినీ డౌన్‌లోడ్ చేసి, క్యూఆర్ కోడ్ స్కాన్ అవుతోందో చూసి, ఒక కాపీ ఈమెయిల్‌లో దాచుకోండి.